ఇచ్చామా? వదిలించుకున్నామా?

ప్రతి ఆదివారం మా ఇంట్లో రొట్టె కాలుతుంది. రొట్టె అంటే జొన్నరొట్టె కాదు, దిబ్బరొట్టె అంతకన్నా కాదు. బ్రెడ్డు. 2020లో కరోనా వచ్చి అందరం తలుపులు బిగించుకుని కూర్చున్న రోజుల్లో ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి పట్టుకుంది చూడండి, నాకు పట్టింది ఇది. కరోనా పోయింది గాని పిచ్చి మాత్రం మిగిలింది.

పిండిలో ఈస్టు కలిపి, తడిగుడ్డ కప్పి, అది పొంగుతుంటే గంటకోసారి తొంగిచూడడంలో ఉన్న ఆనందం చెబితే అర్థమయ్యేది కాదు. కాలుతున్నప్పుడు ఇల్లంతా ఒకటే ఘుమఘుమ. ఆదివారం సాయంత్రం వేడివేడి ముక్కల కోసం మావారూ, మా అమ్మాయీ పోటీలు పడతారు. సోమవారం పొద్దున మర్యాద కోసం తింటారు. మంగళవారం "ఇవాళ ఉప్మా చెయ్యకూడదూ?" అంటారు. బుధవారం వచ్చేసరికి సగం రొట్టె డబ్బాలో చెక్కలా బిగుసుకుని నా వంక చూస్తూ ఉంటుంది.

ఈ గొడవంతా ఆ సగం రొట్టె గురించే. ఇంత చిన్న విషయానికి ఇంత ఉపోద్ఘాతమా అనకండి. పెద్ద విషయాల్లో మనం చాలా జాగ్రత్తగా ఉంటాం. దొరికిపోయేది చిన్న విషయాల దగ్గరే.

మాది తెల్లాపూర్. ఒకప్పుడు పొలాలూ చెరువులూ ఉన్న పల్లె. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచాక హైదరాబాదు పడమటి దిక్కుకి నడక మొదలుపెట్టింది. నడిచి నడిచి నల్లగండ్ల దాటి మా దాకా వచ్చేసింది. ఇప్పుడు ఎటు చూసినా మేడలే. పొద్దున్నే ఆ మేడల్లోంచి కంప్యూటరు ఉద్యోగాల వాళ్ళు కిందికి దిగుతుంటారు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు పైకి ఎక్కుతుంటారు. చాలాచోట్ల ఇద్దరికీ లిఫ్టులు కూడా వేరు.

మా ఇంట్లో పనిచేసే ఆవిడది నారాయణఖేడ్ వైపు పల్లెటూరు. నాకన్నా రెండు మూడేళ్ళు చిన్నదేమో. తను నన్ను "అమ్మా" అంటుంది, నేను తనను పేరుపెట్టి పిలుస్తాను. ఇదీ ఆలోచించవలసిన సంగతే గాని, ఇవాళ్టికి రొట్టె దగ్గరే ఆగుదాం.

బుధవారం బుధవారం ఆ సగం రొట్టెను కవర్లో పెట్టి "పిల్లలకు పట్టుకెళ్ళు" అని ఆవిడ చేతికిచ్చేదాన్ని. ఇచ్చి, ఏదో పుణ్యకార్యం చేసినట్టు తృప్తిగా డబ్బా కడుక్కునేదాన్ని. ఇలా ఎన్ని నెలలు గడిచాయో లెక్క పెట్టలేదు. ఒక బుధవారం ఆవిడ కవరు వంక చూసి, తడిచేతులు కొంగుకు తుడుచుకుని, నెమ్మదిగా అంది:

"ఏమనుకోకమ్మా. ఇగ బ్రెడ్డు వద్దు. మా పోరగాండ్లు తింటలేరు, గట్టిగుంటదట. పారేద్దామంటే అన్నంలెక్కనే గదా, పానం ఒప్పది. పోయినవారం కుక్కలకేస్తే అవి గూడ వాసన చూసి పోయినయ్."

పక్కగదిలో మావారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోవడం నాకు స్పష్టంగా వినిపించింది.

చెప్పొద్దూ, ముందు నాకు కోపమే వచ్చింది. పాలు పోసి, వెన్న వేసి, చేతులు నొప్పెట్టేలా పిసికి చేసిన రొట్టె! కుక్కలు వాసన చూసి పోయాయట! ఆ పూటంతా గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువే చేశాను. మధ్యాహ్నం నడుం వాల్చాక గాని ఆవిడ మాటలోని అసలు ముల్లు నాకు గుచ్చుకోలేదు. "పారేద్దామంటే పానం ఒప్పది" అంది. నాకు మాత్రం ఒప్పిందా? నేనూ పారేయలేకే గదా ఆవిడకిచ్చింది! అన్నం పారేస్తే పాపమన్న భయం ఇద్దరికీ ఒక్కటే. తేడా ఎక్కడుందంటే, ఆ భయాన్ని కవర్లో పెట్టి అందించడానికి నాకొక మనిషి ఉంది. ఆవిడకు కుక్కలు తప్ప ఎవరూ లేరు.

అంటే ఇన్నాళ్ళూ నేనిచ్చింది రొట్టె కాదు. పారేసే పని. నవలల్లో త్యాగమూర్తులైన నాయికల్ని బోలెడుమందిని సృష్టించాను గాని, ఈ సంగతి మాత్రం నాకు తట్టలేదు.

రాత్రి భోజనాల దగ్గర మా అత్తయ్యగారి ముందు ఈ మాట ఎత్తాను. ఆవిడ తెనాలి దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మనిషి.

"మా రోజుల్లో మిగిలిన అన్నం పాలేరుకి పెడితే కళ్ళకద్దుకుని తినేవాడమ్మా. ఇప్పుడు వీళ్ళకి గొంతు దిగటం లేదు" అన్నారు.

"మీరు తినేవారు కాదా చద్దన్నం?"

"తినకేం? పిల్లలందరికీ పొద్దున్నే అదే. గడ్డపెరుగేసుకుని, మాగాయ టెంక నంజుకుంటే, ఆ రుచి మీ బ్రెడ్డుకి వస్తుందా?"

"అయితే పాలేరుకీ ఆ కుండలోదేనా?"

"అన్నం ఆ కుండలోదే."

"మరి గిన్నె?"

ఆవిడ ఒక్క క్షణం ఆగారు. "గిన్నె వేరేలే. వాడిది పశువుల పాక చూరులో ఉండేది" అన్నారు. అన్నాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ పొడిగించలేదు. ఆ చూరులోని గిన్నెకీ నా కవరుకీ ఎంత దూరమని ఆవిడను తప్పుపట్టను?

నిజానికి నిలవది, మిగిలింది అనగానే మన ఇళ్ళల్లో ఎవరికీ నామోషీ లేదు. పెద్దల మాటను చద్దన్నం మూటతో పోల్చుకున్న జాతి మనది. పులిసిన పిండి పునుకులవుతుంది. పుల్లబడిన మజ్జిగ పులుసవుతుంది. రాత్రి అన్నం పొద్దున పులిహోర అవుతుంది, ఇంకా మిగిలితే వడియాలై డాబా ఎక్కుతుంది. ఇడ్లీలు మిగిలితే ఇడ్లీ ఉప్మా చేసి, అదేదో కొత్త వంట అయినట్టు పిల్లలకు పెట్టని తల్లి ఎవరో చెప్పండి! కాబట్టి గొడవ నిలవతనంలో లేదు. మరెక్కడుంది?

శాస్త్రాన్ని అడుగుదామంటే అది రెండు విధాలుగా చెబుతుంది. భగవద్గీత పదిహేడో అధ్యాయంలో, వండి జాము గడిచి సారం పోయిన తిండి తామసులకు ఇష్టమని ఉంది. తైత్తిరీయోపనిషత్తులో భృగువల్లి దగ్గరకు వెళితే, అన్నాన్ని నిందించకు, కాదనకు, అది వ్రతమనుకో అంటుంది. ఒకరేమో నిలవది తినొద్దంటారు, ఒకరేమో అన్నాన్ని తోసిపుచ్చొద్దంటారు. మధ్యలో బుధవారపు రొట్టె పట్టుకుని నిలబడ్డ ఇల్లాలు ఏం చెయ్యాలి? బాగా ఆలోచిస్తే ఈ రెండు మాటలకూ పోట్లాట లేదనిపిస్తుంది. గీత చెప్పింది తినేవాడి గురించి. ఉపనిషత్తు చెప్పింది అన్నం గురించి. పెట్టేవాడి గురించి చెప్పిన కథ ఇంకొకటి ఉంది, కఠోపనిషత్తులో.

నచికేతుడి కథ మనందరికీ తెలుసు. యముడి ఇంటి ముందు మూడు రాత్రులు తిండి లేకుండా ఉన్నాడనీ, మూడు వరాలడిగాడనీ గుర్తుంటుంది. ఆ ప్రయాణం ఎక్కడ మొదలైందో మాత్రం మరిచిపోతాం. వాళ్ళ నాన్న వాజశ్రవసుడు యజ్ఞం చేసి ఉన్నదంతా దానం ఇస్తున్నాడు. ఆ దానంలో ఆవులున్నాయి. ఎలాంటి ఆవులు? నీళ్ళు తాగే ఓపికా, గడ్డి కొరికే ఓపికా అయిపోయి, పాలన్నీ ఎప్పుడో ఇచ్చేసి వట్టిపోయినవి. పసివాడు చూశాడు. ఇలాంటివి దానమిచ్చినవాడు ఏ లోకానికి పోతాడో అని బెంగపడ్డాడు. "నాన్నా, మరి నన్నెవరికిస్తావు?" అని మళ్ళీ మళ్ళీ అడిగి, తండ్రికి కోపం తెప్పించాడు.

లెక్క ప్రకారం వాజశ్రవసుడిది దానమే. ఇన్ని ఆవులు అని చెప్పుకోవచ్చు. కాని పుచ్చుకున్నవాడి వైపు నుంచి చూడండి. వాటిని ఇంటికి తోలుకుపోవాలి, చావలేక బతుకుతున్న ప్రాణానికి చాకిరీ చెయ్యాలి, చివరికి కళ్ళముందే పోతుంటే చూడాలి. దాత తన కొట్టం ఖాళీ చేసుకుని, బరువు తెచ్చి అవతలివాడి గుమ్మంలో దించాడు. పైగా పుణ్యం తన ఖాతాలో వేసుకున్నాడు. ఆ లెక్కన నా బుధవారపు రొట్టె కూడా వాజశ్రవసుడి ఆవే.

ఆకలితో ఉన్నవాడికి ఎండురొట్టె అయినా అమృతమే గదా అని మీరనవచ్చు. నిజమే. ఆకలి ముందు నీతులు చెప్పకూడదు. కాని ఆవిడ ఆకలితో ఉందని నాకెవరు చెప్పారు? నాలుగిళ్ళల్లో కష్టపడి సంపాదించి, పిల్లల్ని బడికి పంపుకుంటున్న మనిషి. "మీ పిల్లలు బ్రెడ్డు తింటారా?" అని ఒక్కసారీ అడిగిన పాపాన పోలేదు. అడగడానికి నోరు రాక కాదు. అడిగితే వద్దంటుందేమో, అప్పుడు ఆ రొట్టె మళ్ళీ నా నెత్తిమీదే ఉంటుందేమో అన్న భయం, లోపలెక్కడో.

ఈ ఆలోచనల్లో నేనుండగా మా పక్క ఫ్లాటు ఆపా వచ్చింది. ఆవిడ పుట్టిల్లు పాతబస్తీ. డబ్బాలో రొట్టె చూసి, "అరె, దీనికింత దిగులెందుకు? డబల్ కా మీఠా చెయ్" అంది.

"ఎండిపోయింది ఆపా."

"ఎండితేనే కావాలి! తాజాదైతే నెయ్యంతా తాగేస్తది, పాలల్ల వేస్తే ముద్దయిపోతది. రెండు రోజుల రొట్టె అయితే నిలబడ్తది."

హైదరాబాదు వాళ్ళకు డబల్ కా మీఠా గురించి చెప్పడమంటే మామిడిచెట్టుకు మామిడికాయ చూపించడమే. ముస్లిముల పెళ్ళిళ్ళలో, రంజాను విందుల్లో ఖుబానీ కా మీఠా పక్కన అది ఉండవలసిందే. బ్రెడ్డును ఇక్కడ డబల్ రోటీ అంటారు, పిండి పొంగి రెట్టింపవుతుంది గనక ఆ పేరొచ్చిందని చెబుతారు. దాంతో చేసిన తీపి కాబట్టి డబల్ కా మీఠా.

ఆపా దగ్గరుండి చేయించింది. ఎనిమిది ముక్కలు కోణంగా కోసి, నేతిలో సన్నసెగ మీద ఎర్రగా వేయించాం. అర లీటరు పాలు సగమయ్యేదాకా మరిగించాం. గ్లాసు పంచదారకు అరగ్లాసు నీళ్ళు పోసి, తీగపాకం రాకముందే దించి, యాలకులపొడీ, నాలుగు కుంకుమపువ్వు రేకులూ వేశాం. ముక్కల్ని వెడల్పు గిన్నెలో పేర్చి, పాకం పోసి, అది పీల్చుకున్నాక పాలు పోసి, మూతపెట్టి మగ్గనిచ్చాం. పైన వేయించిన జీడిపప్పు. అంతే. వేయిస్తుండగా ఒక ముక్క జారి కిందపడితే ఆపా వంగి తీసి, కాళ్ళకింద పడకుండా పక్కన పెట్టింది. ఎవరూ నేర్పకుండానే మనం అన్నం మెతుకును తీస్తామే, అలాగే.

వంట చేస్తూ తెలుసుకున్న సంగతి ఒకటి చెప్పాలి. రొట్టె గట్టిపడడమంటే తడి ఆరిపోవడమొక్కటే అనుకునేదాన్ని. కాదట. కాలేటప్పుడు మెత్తబడిన పిండిపదార్థం చల్లారిన కొద్దీ మళ్ళీ గట్టిగా కూడుకుంటుంది. ఫ్రిజ్జులో పెడితే ఇంకా తొందరగా. అందుకే ఒక్కసారి వేడి తగిలితే కాసేపైనా మెత్తబడుతుంది. అంటే ఎండిన రొట్టె చచ్చిపోయిన రొట్టె కాదు, బిగుసుకుపోయినదంతే. బూజు పట్టిన సంగతి వేరు. అది పైకి ఒక్క చుక్కే కనిపించినా లోపల ఎంతదూరం పాకిందో తెలియదు. అలాంటిది మొత్తం పారేయవలసిందే. మనిషికీ పెట్టకూడదు, పశువుకీ పెట్టకూడదు. ఏది మళ్ళీ మంచిది చేసుకోగలమో, ఏది చేసుకోలేమో తెలియడం కూడా ఇల్లాలి ధర్మమే.

ఈ యుక్తి మన ఒక్కరిదే కాదు సుమండీ. ఫ్రాన్సు వాళ్ళు ఎండు రొట్టెను పాలల్లో, గుడ్డుసొనలో నానబెట్టి వేయించి, దానికి "పోయిన రొట్టె" అనే పేరు పెట్టుకున్నారు. జర్మన్లు ఇలాంటి దాన్నే "పేద వీరులు" అంటారు. ఇంగ్లీషు ఇళ్ళల్లో బ్రెడ్ పుడ్డింగు. ఎన్ని దేశాల తల్లులు ఒకే డబ్బా ముందు ఒకేలా నిలబడి ఆలోచించారో!

తీపి అయిందో లేదో మావారు లెక్కలు మొదలుపెట్టారు. "పాలు, నెయ్యి, జీడిపప్పు, కుంకుమపువ్వు. నలభై రూపాయల రొట్టెను బతికించడానికి మూడొందలు ఖర్చుపెట్టావు. ఇంకో నాలుగుసార్లు ఇలా పొదుపు చేస్తే అప్పు పుట్టించాల్సొస్తుంది!" అన్నారు, మూడో ముక్క వేసుకుంటూ.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయనన్నది నిజం. దీనికి పొదుపన్న పేరు చెల్లదు. మరి ఏ పేరు చెల్లుతుంది? నాకు తోచింది ఇది. కవర్లో పెట్టి ఇచ్చినప్పుడు ఆ రొట్టెకి నేను ఏమీ కలపలేదు. ఇప్పుడు కలిపాను. నా ఇంటి పాలు, నా ఇంటి నెయ్యి, గంటన్నర నా ఒళ్ళు. మిగిలింది మిగిలినట్టుగా చెయ్యిమారిస్తే అది వదిలించుకోవడం. దానికి మనది కొంత చేర్చి, ముందు మన పళ్ళెంలో వడ్డించుకోగలిగేలా చేసి ఇస్తే అది ఇవ్వడం. నలిగిన చీరను ఉతికి, ఊడిన ఫాల్ కుట్టి ఇచ్చేదానికీ, మూటగట్టి విసిరేసేదానికీ ఉన్న తేడా ఇదే గదా.

అంతటితో నా తప్పు మాసిపోలేదు. అసలు ప్రశ్న ఇంకా వెనక ఉంది. ప్రతివారం సగం మిగులుతుందని తెలిసీ ప్రతివారం అంతే పిండి ఎందుకు కలుపుతున్నాను? ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఒక నివేదిక వేసింది. 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల తిండి వృథా అయిందట. అందులో నూటికి అరవై వంతులు మన ఇళ్ళల్లోంచే. భారతదేశంలో ఇళ్ళల్లో పోయేది మనిషికి ఏడాదికి 55 కిలోలని అంచనా కట్టారు. ఈ అంకెలు చదివి, ఇదంతా హోటళ్ళూ పెళ్ళివిందులూ చేసే పాపమని ఇన్నాళ్ళూ నిందలు వేసిన నేను నోరు మూసుకున్నాను. ఆ లెక్కలో నా సగం రొట్టె పడలేదు, ఎందుకంటే అది నా చెత్తబుట్టలో పడలేదు. నా పాపం ఆవిడ ఇంటి లెక్కలో పడింది.

పుచ్చుకునే మనిషి ఒకరు సిద్ధంగా ఉన్నంతకాలం పిండి తగ్గించాలన్న ఆలోచనే నాకు రాలేదు చూశారూ! మన దానగుణమని మురిసిపోయేది ఒక్కోసారి మన దుబారాకు వేసుకున్న ముసుగు. ఆవిడ "వద్దు" అన్న రోజునే నా కొలతపాత్ర నాకు కనిపించింది. నచికేతుడు అడగకపోతే వాజశ్రవసుడు ఇంకా ఎన్ని ముసలి ఆవుల్ని తోలి ఉండేవాడో!

మర్నాడు పొద్దున ఆవిడ పనికొచ్చింది. మేం తిన్న గాజు గిన్నెల్లోంచే ఒకటి తీసి, డబల్ కా మీఠా వేసి, చెంచా పెట్టి ఇచ్చాను. దాచకుండా చెప్పాను కూడా: "ఇది ఆ బుధవారం బ్రెడ్డే. మేమందరం తిన్నాం. నచ్చితే తిను, లేకపోతే లేదు."

"గా గట్టి బ్రెడ్డేనా?" అని గిన్నెను ఇటూ అటూ తిప్పి చూసింది. అత్తయ్యగారు పక్కన కుర్చీ చూపించారు. ఆవిడ మొహమాటపడి గోడకానుకుని నిలబడే తింది. అలవాట్లు ఒక్కరోజులో పోవు, మావీ, ఆవిడవీ. నేను పరీక్ష రాసిన పిల్లలా ఎదురుగా నిలబడ్డాను. రెండు చెంచాలయ్యాక ఆవిడ తలెత్తి అంది:

"మంచిగుందమ్మా. తీపే జర ఎక్కువైంది."

అత్తయ్యగారు కళ్ళు పెద్దవి చేశారు. నాకు మాత్రం ఎంత సంతోషం కలిగిందో! ఈసారి ఆవిడ "ఏమనుకోకమ్మా" అనలేదు. వదిలించుకున్నదానికి ఎవరూ వంకపెట్టరు, పుచ్చుకుని గమ్మున పోతారు. మనకు ఇచ్చినది అనుకున్నప్పుడే ఉప్పు తగ్గిందనీ, తీపి ఎక్కువైందనీ అంటాం. మావారు ఇరవై ఏళ్ళుగా నా వంటకు వంకలు పెడుతూనే ఉన్నారు గదా!

వచ్చే ఆదివారం పిండి సగమే కలుపుతున్నాను. ఎప్పుడైనా రొట్టె మిగిలి డబల్ కా మీఠా చేయవలసివస్తే పంచదార కూడా గ్లాసుకు పావు తగ్గిస్తాను. ఆవిడ చెప్పింది నిజమే, తీపి కాస్త ఎక్కువే అయింది.